ముందు సంఖ్యారేఖ, తర్వాతే గ్రాఫ్ షీటు: తొమ్మిదో తరగతితో ఒక కేస్ స్టడీ

మేం చెప్పే ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో స్టాటిస్టిక్స్ చిట్టచివరి అధ్యాయం, పన్నెండోది. వరుసలో వెళ్తే జనవరికో ఫిబ్రవరికో దాని వంతు వస్తుంది. అప్పటికి అందరికీ రివిజన్ టెన్షన్ మొదలైపోయి ఉంటుంది కాబట్టి రెండు గ్రాఫులు బోర్డు మీద గీసి, "మిగతావి ఇలాగే" అనేసి పుస్తకం మూసేస్తాం. గ్రాఫుల అవసరం మాత్రం అంతదాకా ఆగదు. సైన్సులో చలనం పాఠం దూరం–కాలం గ్రాఫుతోనే నడుస్తుంది, సోషల్‌లో శీతోష్ణస్థితి పాఠం చివర పది ఊళ్ల వర్షపాతం, ఉష్ణోగ్రతల పట్టిక ఇచ్చి దాంతో పని చేయమంటారు. స్టాఫ్ రూములో పీఎస్ (ఫిజికల్ సైన్స్) మాస్టారు "మేడం, మీ పిల్లలకి గ్రాఫ్ షీటు మీద అంకెలు వేయడం కూడా రావట్లేదు" అంటుంటే, ఆ పాఠం ఇంకా రాలేదని ఎన్నేళ్లు చెప్పుకుంటాం?

అందుకే డేటాను బొమ్మగా చూపించే పనిని ఏడాది మొదట్లోకి, అంటే జూన్‌లోకి తెచ్చాను. ఎలా సిద్ధం చేశాను, ఎక్కడ పని జరిగింది, ఎక్కడ ఇంకా తేలలేదు అన్నదే ఈ రాత.

మాది ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ వైపు ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి, సైకిల్ మీద, ఆటోల్లో వచ్చే పిల్లలు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. బార్ గ్రాఫు గీయడం అందరూ కింది తరగతుల్లో చేసినవాళ్లే. స్కేలు పట్టుకుని, పెన్సిల్ చెక్కుకుని, రంగులు దిద్ది చూడముచ్చటగా గీస్తారు, అందులో వంక పెట్టడానికి లేదు. అసలు చిక్కంతా ఆ అందం వెనకాలే ఉంది.

మొదటి వారంలో తెల్లకాగితం మీద ఒక అడ్డగీత గీసుకోమని, దాని మీద 3, 5, 12, 20, 40 గుర్తించమన్నాను. చాలామంది ఏం చేశారంటే గీతను ఐదు సమాన భాగాలు చేసి వరుసగా 3, 5, 12, 20, 40 అని రాసేశారు. 3కీ 5కీ మధ్య ఎంత దూరమో 20కీ 40కీ మధ్యా అంతే దూరం. అడిగితే "వరుసలోనే ఉన్నాయి కదా మేడం" అన్నారు. వరుసలోనే ఉన్నాయి, నిజమే.

ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. ఆరు, ఏడు తరగతుల్లో పిల్లలు గీసిన బార్ గ్రాఫుల్లో అడ్డగీత మీద ఉండేవి పేర్లు: ఆవులు, గేదెలు, మేకలు, లేదంటే సోమవారం, మంగళవారం. పేర్ల మధ్య దూరం అనే మాటే లేదు, సమానంగా పెట్టుకుంటే సరిపోతుంది. నిలువు గీత మీద అంకెలున్నా అవి చాలాసార్లు పుస్తకమే వేసి ఇచ్చినవి. అంటే అంకెలున్న అక్షాన్ని (గ్రాఫుకు ఆధారమైన అడ్డగీతనో నిలువు గీతనో) తనంతట తాను తయారు చేసుకోవాల్సిన పని ఆ పిల్లకి ఇప్పటిదాకా పడనేలేదు. హిస్టోగ్రామ్ (అంకెల్ని 0–10, 10–20 లాంటి గుంపులు చేసి ఖాళీ లేకుండా గీసే బార్లు) దగ్గరికి వచ్చేసరికి అడ్డగీత మీదకి పేర్లకు బదులు అంకెలు వస్తాయి, వాటినీ పేర్లలాగే పేర్చేస్తుంది. డాట్ ప్లాట్ (ఒక్కొక్కరికీ ఒక్కో చుక్క పెట్టే గ్రాఫు), హిస్టోగ్రామ్, పౌనఃపున్య బహుభుజి (హిస్టోగ్రామ్ బార్ల పైఅంచుల మధ్యబిందువుల్ని కలిపే గీత), దూరం–కాలం గ్రాఫు, అన్నీ అక్కడే కూలిపోతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రాఫుల రకాలు నేర్పడం కన్నా ముందు అక్షం అంటే సంఖ్యారేఖేనని ఒంటికి పట్టించాలి. అది పట్టాక రకాలన్నీ చాలా తొందరగా వచ్చేస్తాయి.

హెచ్‌ఎం గారు "మేడం గారూ, సిలబస్ వెనకబడదా, ఎఫ్‌ఏ వన్ దగ్గరికొస్తుంది" అన్నారు, ఎఫ్‌ఏ వన్ అంటే ఏడాదిలో బడి పెట్టే మొదటి పరీక్ష. న్యాయమైన ప్రశ్నే. అయితే మొదటి అధ్యాయమే సంఖ్యా వ్యవస్థ, అందులో సంఖ్యారేఖ మీద సంఖ్యల్ని చూపించడం ఎలాగూ ఉంది, మూడోది నిరూపక జ్యామితి, అది పూర్తిగా అక్షాల పాఠమే. నేను చేసింది ఆ గంటల్లోనే డేటాను కలిపేయడం. పాఠ్యప్రణాళికలో విడిగా చూపించుకున్న పీరియడ్లు తక్కువే.

గ్రాఫ్ షీటు మొదట్లో అసలు ఇవ్వలేదు. ఇచ్చామంటే పిల్లల దృష్టంతా గళ్ల మీదకి పోతుంది, గళ్లు లెక్కపెడుతూ అంకెల్ని మర్చిపోతారు. మా బడి వరండాలో సమానంగా పరిచిన బండలున్నాయి. వాటి పక్కనే సుద్దముక్కతో పొడవాటి గీత గీసి, ఒక్కో బండ ఐదు నిమిషాలు అనుకున్నాం. సున్నా హెచ్‌ఎం గది గుమ్మం దగ్గర. "ఇంటి నుంచి బడికి రావడానికి నీకెన్ని నిమిషాలు?" ఎవరి సమాధానం దగ్గర వాళ్లు నిలబడాలి. ఒకే సమాధానం ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు వరుస కట్టాలి. అంతే, పిల్లలతోనే డాట్ ప్లాట్ అయిపోయింది. దూరపు ఊరి నుంచి ఆటోలో వచ్చే అబ్బాయి ఒక్కడే వరండా చివరికి వెళ్లి నిలబడాల్సి వచ్చింది, మధ్యలో బండలన్నీ ఖాళీ. "నేను కూడా వాళ్ల పక్కనే నిలబడొచ్చా మేడం" అని అడిగాడు. కుదరదన్నాను. అడ్డగీతను సమాన భాగాలు చేసి విలువల్ని వరుసగా రాసే పిల్ల చేసేది సరిగ్గా అదే, దూరంగా ఉన్నవాణ్ని లాక్కొచ్చి గుంపు పక్కన నిలబెట్టడం. ఆ తర్వాత ఎవరైనా కాగితం మీద ఆ తప్పు చేస్తే నేను కలగజేసుకునే పని లేకుండా పక్కవాళ్లే వాడి పేరు చెప్పి "వాణ్ని దగ్గరికి తెచ్చేశావు" అంటున్నారు.

ఏ ప్రశ్న అడగాలన్నది కూడా ఆలోచించుకోవాలి. పుస్తకంలో 36 మంది విద్యార్థుల బరువుల పట్టిక ఉంది, 30.5–35.5 నుంచి మొదలయ్యేది. ఆ పట్టికతో పని చేయిస్తాను గానీ నా క్లాసులో బరువులు మాత్రం తీసుకోను. లావుగా ఉన్న పిల్ల, మరీ సన్నగా ఉన్న పిల్లాడు, ఇద్దరికీ ఆ రోజంతా నరకం. మార్కులు, ఇంటి ఆదాయం, ఎంతమంది అన్నదమ్ములు లాంటివీ వద్దు. బడికి వచ్చే సమయం, నిద్ర లేచే సమయం, కళ్లు మూసుకుని ఒక నిమిషం అయిందనుకున్నప్పుడు చెయ్యెత్తమంటే నిజంగా ఎన్ని సెకన్లకు ఎత్తారు, ఇలాంటివి చాలు. ఆ చివరిది బాగా పండుతుంది, ఎందుకంటే సమాధానం ముందుగా ఎవరికీ తెలియదు, గ్రాఫు గీస్తేగానీ క్లాసు మొత్తం ఎటు మొగ్గిందో కనబడదు.

మర్నాడు ఇదే పని చార్టు మీద, బొట్టుబిళ్లలతో. నడిచి వచ్చేవాళ్లకు ఎరుపు, సైకిల్ వాళ్లకు ఆకుపచ్చ, ఆటో వాళ్లకు నీలం. మగపిల్లలు మొదట కాస్త మొహమాటపడ్డారు గానీ తమ చుక్క తామే అంటించుకోవాలనేసరికి ఎగబడ్డారు. చుక్కలు ఒకదాని మీద ఒకటి సమాన ఎడంతో పడాలి, ఒకరు ఎడంగా ఒకరు దగ్గరగా అంటిస్తే ఏ వరుస ఎత్తో కళ్లు మోసపోతాయి. ఈ సంగతి నేను చెప్పకుండా వదిలేశాను. రెండు వరుసల్లో సమానంగా చుక్కలున్నా ఒకటి పొడుగ్గా కనబడేసరికి వాళ్లే గొడవ పెట్టుకుని పీకి మళ్లీ అంటించారు.

ఇక్కడే ఇంకో గందరగోళం బయటపడింది. "ఎక్కువమందికి పట్టే సమయం ఎంత?" అంటే "ఏడు" అన్నారు. ఏడేమిటి? ఆ వరుసలో ఏడు చుక్కలున్నాయి. చెప్పాల్సింది పదిహేను నిమిషాలని. బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) లెక్కల్లో ఏటా చూసే తప్పే ఇది: విలువకు బదులు పౌనఃపున్యం, అంటే అది ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్క రాసేస్తారు. ఒక నియమం పెట్టాను, గ్రాఫు చూసి చెప్పే ఏ అంకెకైనా వెనకాల "నిమిషాలు" అనో "మంది" అనో మాట ఉండాలి, లేకపోతే ఆ సమాధానం లెక్కలోకి రాదు. చాదస్తంలా ఉంటుంది గానీ బాగా పనిచేసింది.

చార్టులో అందరికన్నా ముందు ఒక అమ్మాయి గమనించిన సంగతి: చుక్కలన్నీ 5, 10, 15, 20, 30 దగ్గరే ఉన్నాయి, 12, 17, 23 దగ్గర దాదాపు ఎవరూ లేరు. "అందరి ఇళ్లూ అలా ఎలా ఉంటాయి మేడం?" ఉండవు మరి. అడిగితే నోటికొచ్చిన గుండ్రటి అంకె చెబుతాం. మన జనాభా లెక్కల్లో వయసుల దగ్గరా ఇదే తంతు, సున్నాతోనో ఐదుతోనో ముగిసే వయసుల దగ్గర జనం అసహజంగా పోగుపడి కనబడతారు, ఎందుకంటే ఎన్యూమరేటర్ అడిగితే "నలభై ఉంటాయి బాబూ" అనేవాళ్లే ఎక్కువ. గడియారం చూసి కొలిచిన డేటాకీ నోటితో చెప్పిన డేటాకీ తేడా ఏమిటన్నది పిల్లలకి ఒక్క చార్టుతో తెలిసింది. నేను ముందుగా అనుకోని పాఠం ఇది, దీని మీదే ఒక పీరియడ్ అయిపోయినా బాధపడలేదు.

పైగా హిస్టోగ్రామ్‌కి దారి కూడా ఇదే వేసింది. హిస్టోగ్రామ్‌లో అంకెల గుంపుల్ని కూడా తరగతులనే అంటారు. 10–20 తరగతిలో 20 నిమిషాలవాడు ఎక్కడికి వెళ్లాలి? పుస్తకం చెప్పే నియమం, ఎగువ అవధి (పై హద్దు) విలువ తర్వాతి తరగతికి వెళ్తుందని. పిల్లలు దాన్ని వల్లె వేస్తారు, ఎందుకని అడగరు. మన డేటాలో మాత్రం అందరూ గుండ్రటి అంకెల మీదే, అంటే సరిగ్గా హద్దుల మీదే నిలబడి ఉన్నారు, కాబట్టి హద్దు ఎక్కడ పెడితే బొమ్మ అలా మారిపోతుంది. బోర్డు మీద చిన్న ఉదాహరణ రాశాను, ఎనిమిది మంది: 10, 10, 15, 15, 15, 20, 20, 30. తరగతులు 0–10, 10–20, 20–30, 30–40 అని పెడితే వరుసగా 0, 5, 2, 1 వస్తాయి. మొదట ఎత్తు, తర్వాత దిగుడు. అవే అంకెల్ని 5–15, 15–25, 25–35 అని పెడితే 2, 5, 1. ఇప్పుడు ఎత్తు మధ్యలోకి వచ్చేసింది. పిల్లలు ఇదేదో మోసమన్నట్టు చూశారు. మోసం కాదు, హిస్టోగ్రామ్ గీసేవాడు ఒక నిర్ణయం తీసుకుంటాడు, ఆ నిర్ణయం బొమ్మలో కలిసిపోతుంది. డాట్ ప్లాట్‌లో ఒక్కొక్కరూ కనబడతారు, హిస్టోగ్రామ్‌లో గుంపులే కనబడతాయి. అందుకే డాట్ ప్లాట్ మన సిలబస్‌లో పెద్దగా లేకపోయినా దాన్ని ముందు చేయించి తీరాలంటాను.

అప్పుడు గ్రాఫ్ షీట్లు ఇచ్చాను. స్కేలు ఎంచుకోవడానికి సోషల్ పుస్తకంలోని వర్షపాతం పట్టికకు మించింది నాకు దొరకలేదు. ఏడాదికి షిల్లాంగ్ 225.3 సెంటీమీటర్లు, చెన్నై 128.6, లేహ్ 8.5. ఒక సెంటీమీటరుకు 25 అనుకుంటే షిల్లాంగ్ బార్ 9 సెంటీమీటర్లు, లేహ్ మూడున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. సెంటీమీటరుకు 10 అనుకుంటే లేహ్ కనబడుతుంది గానీ షిల్లాంగ్ ఇరవై రెండున్నర సెంటీమీటర్లు అయి షీటు నిలువునా నిండిపోతుంది, పైన శీర్షిక రాయడానికి చోటుండదు. ఒక గ్రూపు లేహ్‌కి కాస్త ఎక్కువ గీసేసింది, "కనబడట్లేదని" అట. కనబడకపోవడమే అక్కడి వర్షం కథ, దాన్ని పెద్దది చేస్తే ఎలా! స్కేలుకి సరైన జవాబు ఒకటే ఉండదని, ఎందుకు అది ఎంచుకున్నారో చెప్పగలిగితే చాలని తెలిశాక టెన్షన్ తగ్గింది. అప్పటిదాకా "స్కేలెంత మేడం?" అనేదే క్లాసులో మొదటి ప్రశ్నగా ఉండేది.

అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టకుండా మధ్యలో విరిచే జిగ్‌జాగ్ గుర్తు సంగతి. పుస్తకంలోని బరువుల హిస్టోగ్రామ్‌లో అడ్డగీత మీద అది ఉంటుంది, పిల్లలు దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. 2011 జనగణన అక్షరాస్యత శాతాలు ఇచ్చి బార్ గ్రాఫు గీయమన్నాను: కేరళ 94, తమిళనాడు 80.1, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67, బీహార్ 61.8. సగం క్లాసు నిలువు గీతను సున్నా నుంచి, సగం క్లాసు 60 నుంచి. 60 నుంచి మొదలుపెడితే కేరళ బార్ ఎత్తు 34, బీహార్‌ది 1.8, అంటే కంటికి పందొమ్మిది రెట్ల తేడా. అసలు తేడా ఒకటిన్నర రెట్లే. బార్‌లో పొడవే విలువ కాబట్టి కింద కోసేస్తే విలువనే కోసినట్టు. అడ్డగీత మీద బరువుల్ని 30.5 నుంచి మొదలుపెడితే ఏ బార్ ఎత్తూ మారదు, బొమ్మంతా ఎడమకి జరుగుతుందంతే. ఎన్నికల రోజుల్లో టీవీలో వచ్చే బార్లు కూడా చూడమన్నాను. ఆ వారం ఇళ్లలో తండ్రులతో వాదనలు జరిగాయని తెలిసింది.

అసమాన తరగతి పొడవుల హిస్టోగ్రామ్ జూన్‌లో పెట్టాలా వద్దా అని కాస్త ఊగిసలాడాను. పుస్తకంలో 90 మంది మార్కుల పట్టిక ఉంది: 0–20లో 7, మధ్యలో పదేసి మార్కుల తరగతులు, చివర 70 ఆపైన 8. ఎత్తుల్ని సవరించడానికి 7ని 20తో భాగించి 10తో గుణిస్తే 3.5, చివరిదాన్ని 70–100గా తీసుకుంటే 8 బై 30 ఇంటూ 10, అంటే 2.67. సూత్రం వేసి గీసేస్తారు, అర్థం మాత్రం గాలికి. "మూడున్నర మంది ఎలా ఉంటారు మేడం?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం సగం చెప్పినట్టే. ఆ ఏడుగురూ ఇరవై మార్కుల మేర పరుచుకుని ఉన్నారు, పది మార్కులకు సగటున మూడున్నర చొప్పున, కాబట్టి అక్కడ మంది ఎత్తులో కాదు వైశాల్యంలో ఉన్నారు. ఈ మాట జూన్‌లో చెప్పి వదిలేశాను, లెక్కలు మాత్రం అసలు అధ్యాయం వచ్చినప్పుడే చేయించాను. అంతకన్నా ముందుకు లాగితే ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న అక్షం సంగతి మళ్లీ చెదిరిపోతుంది.

గీయడం ఒక ఎత్తు, గీసినదాన్ని చూసి మాట్లాడటం ఇంకో ఎత్తు. "ఈ గ్రాఫులో ఏం కనబడుతోంది?" అంటే మొదట్లో వచ్చేది "ఎక్కువ 50, తక్కువ 5", లేదంటే "పెరిగి తగ్గింది". మూడు ప్రశ్నలు అలవాటు చేశాను: ఎక్కువమంది ఎక్కడ గుమిగూడారు, ఎంతమేర పరుచుకున్నారు, గుంపుకు దూరంగా ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎందుకు. ఆ "ఎందుకు" డేటాలో దొరకదు, ఊళ్లో దొరుకుతుంది. నీలం చుక్కలు కుడిపక్కకి ఎందుకున్నాయో పిల్లలకే తెలుసు: ఆటో ఎక్కడమే దూరపు ఊళ్లవాళ్లు కాబట్టి. ఆటోలో వేగంగా రావాలి గదా, మరి ఎక్కువ సమయం పట్టడమేంటని మొదట తికమకపడినవాళ్లు కూడా దాంతో తేరుకున్నారు. తెలుగులో నోటితో చెప్పించి, తర్వాత రాయించాను. ముందే ఇంగ్లీషులో రాయమంటే నోట్సులో ఉన్న వాక్యమే దిగుతుంది.

జూన్ 29 స్టాటిస్టిక్స్ డే, స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. పిల్లల చార్టులు ఆ రోజు వరండాలో పెట్టించాం, ఎనిమిదో తరగతివాళ్లు వచ్చి చదవాలి, గీసినవాళ్లు నోరు మెదపకూడదు. చదివేవాళ్లకి అర్థం కాకపోతే శీర్షికో స్కేలో లోపం ఉన్నట్టు. ఇంకో పెద్ద స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు చదువుకున్న ఊళ్లలో నందిగామ కూడా ఉందని ఆ రోజు చెప్పాను. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చిందనే దానికన్నా, "మన నందిగామేనా" అన్న ఆశ్చర్యమే ఎక్కువగా వినబడింది.

ఇక ఫలితం. చలనం పాఠంలో అక్షాలు వేయడం గురించి పీఎస్ మాస్టారి ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది, వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందన్నది) గురించిన ఫిర్యాదు మాత్రం కొనసాగుతోంది, అది వేరే పంచాయితీ. జనవరిలో పన్నెండో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి సమాన తరగతుల హిస్టోగ్రామ్ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన అవసరం పడలేదు, మిగిలిన సమయం అసమాన తరగతులకీ బహుభుజికీ పెట్టగలిగాను. హిస్టోగ్రామ్‌లో బార్ల మధ్య ఖాళీ వదిలే అలవాటు మాత్రం కొందరికి పోలేదు. "హిస్టోగ్రామ్‌కి ఖాళీ ఉండదు" అని బట్టీ పట్టినవాళ్లు మళ్లీ అక్షరాస్యత బార్లను అతికించేస్తున్నారు. ఇప్పుడు ఖాళీ గురించి అడగడం మానేసి, అడ్డగీత మీద ఉన్నవి పేర్లా అంకెలా అని మాత్రమే అడుగుతున్నాను. కాస్త నయం.

పెద్ద లోటు హాజరుది. జూన్ మొదట్లో క్లాసు నిండదు. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్లు పట్టుకుని నెలాఖరుకు చేరేవాళ్లుంటారు, హాస్టల్ సీటు కోసం ఎదురుచూసి అది రాక మా బడికి వచ్చేవాళ్లుంటారు. వరండా గీత మీద నిలబడని ఈ పిల్లలే తర్వాత అక్షం దగ్గర తడబడ్డారు. వాళ్ల కోసం ఆ చార్టును క్లాసులోనే ఉంచేసి, కొత్తగా చేరిన ప్రతివాళ్లూ తమ చుక్క తామే అంటించి ఎందుకు అక్కడే అంటించారో పక్కవాళ్లకి చెప్పాలన్నాను. బొట్టుబిళ్లలు రాలిపోతున్నాయి కాబట్టి ఈసారి స్కెచ్ పెన్ను చుక్కలు పెట్టిస్తాను, గీతను కూడా 90 నిమిషాల దాకా పొడిగించి ఉంచుతాను, ఎందుకంటే ఆలస్యంగా చేరేవాళ్లలోనే దూరపు ఊళ్ల పిల్లలు ఎక్కువ.